చెక్కల్లేని చెక్కభజన

సూర్యకిరణ్‌ను మొదటిసారి కారెక్కించుకున్న రోజు నాకు అతని మీద మంచి అభిప్రాయం కలగలేదు. కారణం అతని గోళ్ళు. కుడిచేతివి పొడుగ్గా, నున్నగా, అంచులు అరగదీసి ఉన్నాయి. ఎడమచేతివి మాత్రం మొదలంటా కత్తిరించి ఉన్నాయి. నలభై మూడేళ్ళ మగవాడు ఒక్క చేతికే సోకు చేసుకోవడమేమిటి? కువైట్‌లో, సల్వాలో నేను డ్రైవరుగా ఉన్న ఇంట్లో, మామా, అంటే ఇంటి యజమానురాలు, తన కూతురు దానాకు గిటార్ నేర్పించడానికి రిగ్గై నుంచి మాస్టారిని తీసుకురమ్మంటే, ఎవరో తెల్లగడ్డం పెద్దమనిషి దిగుతాడనుకున్నాను. దిగినవాడు వెనక సీట్లో గిటార్‌ను పడుకోబెట్టి, దానికి బెల్టు కట్టి, తాను ముందుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. కూర్చోగానే హిందీలో, ఏసీ కొంచెం తగ్గించమన్నాడు. గిటార్‌కు చలి పడదట. ఆగస్టు నెల, బయట నలభై ఎనిమిది డిగ్రీలు.

"దానికి పడకపోతే నేను చావాల్నా?" అని నాలో నేను గొణుక్కున్నాను.

"మీరు తెలుగా అండీ!" అని అతను సీట్లోంచి లేచినంత పని చేశాడు. నా కోపం అక్కడే సగం చచ్చింది. మిగతా సగం చావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

వారానికి రెండుసార్లు రిగ్గై నుంచి సల్వాకు, సల్వా నుంచి రిగ్గైకి. రింగురోడ్డు మీద బండ్లు కదలవు కాబట్టి మాటలు మాత్రమే కదిలేవి. అట్లా అతని కథంతా నాకు తెలిసిపోయింది. ఊరు కోనసీమలో అంబాజీపేట దగ్గర. చిన్నప్పుడు మేనత్త సుబ్బాయమ్మ దగ్గర వీణ నేర్చుకున్నాడు. ఆమె ఏనాడూ కచేరీ చేయలేదు గానీ, వరండాలో కూర్చుని వకుళాభరణం రాగం వాయిస్తే వీధిలో సైకిళ్ళు దిగి వినేవాళ్ళట. పదిహేడో ఏట ఇతనికి గిటార్ పిచ్చి పట్టింది. మద్రాసులో సినిమా స్టూడియోల చుట్టూ ఆరేళ్ళు తిరిగాడు. తర్వాత టూరిస్టుల ఓడలో బ్యాండు ఉద్యోగం. ఆ ఓడ స్పెయిన్‌లో ఒక రేవులో ఆగినప్పుడు, సందులో ఒక చిన్న హోటల్లో ఒక ముసలాయన గిటార్ వాయిస్తుంటే విన్నాడు. ఆ మెట్లు వాళ్ళత్త వకుళాభరణం మెట్లే.

"ఓడ సంగతే మర్చిపోయానండి," అన్నాడు. "అత్త ఆ దేశం ఎప్పుడెళ్ళిందా అనుకున్నానండి."

ఓడ ఉద్యోగం పూర్తికాగానే మళ్ళీ అదే సందుకు పోయి, ఏడు నెలలు ఆ ముసలాయన ఇంటి పెంకులు సర్దుతూ, గోడలకు సున్నం వేస్తూ, ఫ్లమెంకో నేర్చుకున్నాడు. ఫ్లమెంకో అంటే అక్కడి జిప్సీల సంగీతం. పాట ఉంటుంది, ఆట ఉంటుంది, గిటార్ ఉంటుంది, పక్కన ఇద్దరు ముగ్గురు కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు లేకపోతే బండికి చక్రాలు లేనట్టేనట.

ఆ తర్వాత పెళ్ళి. భార్య వెంకటదుర్గ నర్సుగా కువైట్ వస్తే ఇతనూ వెంట వచ్చాడు. ఒక పెద్ద హోటల్ లాబీలో పదకొండేళ్ళుగా గిటార్ వాయిస్తున్నాడు. లాబీలో గిటార్ అంటే పూలకుండీ లెక్క, ఉంటే ఎవరూ చూడరు, తీసేస్తే ఎవరూ అడగరు. ఇంటికి పోయాక మాత్రం సొంతంగా ఒక రచన చేసుకుంటూ వచ్చాడు. వాళ్ళత్త రాగం, ముసలాయన పద్ధతి, రెండూ కలిపి ఇరవై నిమిషాలు. దాన్ని చెన్నైలో సంగీత సభలకు పంపితే, వేళ్ళు బాగున్నాయి గానీ ఇది సంప్రదాయం కాదన్నారు. స్పెయిన్ పంపితే, చాలా ముచ్చటగా ఉంది గానీ ఇది ఫ్లమెంకో కాదన్నారు. రెండు వైపులా చుట్టాలే, భోజనానికి పిలిచిన వాడు ఒక్కడు లేడు.

ఏప్రిల్‌లో ఒక రోజు కారెక్కి ఏసీ సంగతి ఎత్తలేదు. అప్పుడే అనుకున్నాను, ఏదో అయిందని.

"హోటల్లో మ్యూజిక్ తీసేస్తున్నారండి. ఒకటో తారీకు నుంచి స్పీకర్లు పెడతారంట. కావాలంటే నన్ను బాంకెట్ సూపర్‌వైజర్‌గా వేస్తామన్నారండి."

"అంటే ఏం పని సామీ?"

"పెళ్ళిళ్ళకి బఫే బల్లలు సర్దించడమండి."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. నెలాఖరులో సిటీలో స్పానిష్ సాయంత్రం అని ఒక కార్యక్రమం ఉంది. స్పెయిన్‌లో ఎండాకాలంలో జరిగే ఒక గిటార్ ఉత్సవం నుంచి ఇనెస్ అనే ఆవిడ వస్తోంది. గల్ఫు దేశాలన్నీ తిరిగి, సొంత రచన ఉన్న కళాకారుడిని ఒక్కడిని ఎంచుకుని జులైలో తమ ఉత్సవానికి పిలుస్తుంది. ఇతనికి ఇరవై నిమిషాలు ఇచ్చారు.

"ఆవిడ ఒప్పుకుంటే సరేనండి. ఒప్పుకోకపోతే ఒకటో తారీకున గోళ్ళు కత్తిరించేసి కోటు తొడుక్కుంటాను. దుర్గకి మాటిచ్చేశానండి."

"ఆయమ్మ అడిగిందా?"

"లేదండి. ఏడ్చిందండి."

సిగ్నల్ దగ్గర ముందున్న బండివాడి మీద ఊరికే హారన్ కొట్టాను.

కార్యక్రమం పది రోజులుందనగా అసలు చిక్కు వచ్చిపడింది. దుబాయ్‌లో ఉండే స్పెయిన్ వాళ్ళు ఇద్దరు చప్పట్లకు ఒప్పుకున్నారు. వాళ్ళకు అక్కడే ఇంకేదో పెద్ద పెళ్ళి తగిలిందట, రాలేమని మెసేజ్ పెట్టారు. కంప్యూటర్లో చప్పట్లు పెట్టి వాయించి చూస్తే, ఆ యంత్రం తనను తరుముతున్నట్టుందన్నాడు. మాట్లాడుతూనే మోకాలి మీద వేళ్ళతో కొట్టుకుంటున్నాడు. తకిట తకిట తక తక తక. మళ్ళీ తకిట తకిట తక తక తక. కొంతసేపటికి ఆగి నావైపు చూశాడు.

"గురప్ప గారూ, మీరేం కొడుతున్నారండి?"

చూసుకుంటే స్టీరింగ్ మీద నా వేళ్ళు ఆడుతున్నాయి. అతను వదిలేసిన చోట నేను ఎత్తుకున్నాను.

"ఏముంది సామీ, నువ్వు కొట్టిందే."

"ఇది పన్నెండు లెక్కండి. మూడు, మూడు, రెండు, రెండు, రెండు. ఇది పట్టుకోవడానికి నాకు అక్కడ నెల పట్టింది. మీకెలా వచ్చిందండీ?"

"మా చెక్కభజనలో మా గురువు నేర్పిన అడుగు ఒగటి ఇట్లే ఉండాది. దీనికి నెల దేనికి?"

మాది రాయచోటి పక్క పల్లె. చేతుల్లో గజ్జెలు బిగించిన చెక్కలు పట్టుకుని, గుండ్రంగా నిలబడి, పాడుతూ, చెక్కలు మోగిస్తూ అడుగులేయడమే చెక్కభజన. కువైట్ వచ్చాక కూడా నేను దాన్ని వదల్లేదు. ప్రతి శుక్రవారం మహబూలాలో మునీంద్ర వాళ్ళ గదిలో కలుస్తాం. మునీంద్ర ఏసీ డక్టుల పనిలో ఉన్నాడు. హుస్సేన్ వలి రొట్టెల బేకరీలో చేస్తాడు, కడప పక్క. నాలుగేళ్ళ కిందట ఆ బిల్డింగు కాపలాదారు, అందరూ హారిస్ అంటారు, పైకొచ్చి, ఇంకొక్కసారి ఈ చెక్కల చప్పుడు వినబడితే గది ఖలాస్ అన్నాడు. చెక్కలు సూట్‌కేసులోకి పోయాయి. ఆనాటి నుంచి వట్టి చేతులతోనే కొడుతున్నాం. చెక్కల్లేని చెక్కభజన ప్రపంచంలో మా గదిలో తప్ప ఎక్కడా ఉండదు.

ఇదంతా చెప్పేసరికి సూర్యకిరణ్ నా చేయి పట్టుకుని అరచేయి తిప్పి చూశాడు, జాతకం చూసేవాడిలా.

శుక్రవారం మహబూలా వచ్చాడు. ఏడుగురు పడుకునే గదిలో మంచాలు గోడకు జరిపి మేము ముగ్గురం కొట్టాం. మా బిర్యానీ చల్లారిపోయింది. అతను నేల మీద బాసింపట్టు వేసుకుని, నోరు తెరిచి, కదలకుండా విన్నాడు. అయిపోయాక, "ఈ గదిలో ఇది నాలుగేళ్ళ నుంచి ఉందాండీ?" అని అడిగాడు.

నేర్పడం మొదలుపెట్టాక అతని అసలు రంగు బయటపడింది. మాట మెత్తన, మనిషి మొండి. అరచేతులు గుంట చేసి కొట్టే గుల్ల చప్పుడు ఒకటి, వేళ్ళతో అరచేతి మీద చరిచే గట్టి చప్పుడు ఒకటి, ఎక్కడ ఏది కొట్టాలో అంతా కాగితం మీద రాసి ఉంది. మాకు చప్పుడు కష్టం కాలేదు. వేగం కష్టమైంది. మా భజనలో పాట నడిచేకొద్దీ పైకి పోవాలి. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడే ఉండిపోతే గురువుకు ఒంట్లో బాగలేదా అంటారు. ఇతనికేమో ఇరవై నిమిషాలూ ఒకే నడక కావాలి.

"పరిగెడుతున్నారండి," అనేవాడు. రెండు నిమిషాలకు మళ్ళీ, "గురప్ప గారూ, పరిగెడుతున్నారండి."

"నేను యాడ పరిగెత్తినా? కుర్చీలోనే ఉండా గదా."

పన్నెండో నిమిషం దగ్గర కాగితం మీద ఏమీ లేని చోటు ఒకటి ఉంది. మునీంద్ర దాని మీద వేలుపెట్టి, ఇదేమిటన్నాడు.

"అక్కడ నేనొక్కణ్ణే వాయిస్తానండి. పదహారు చుట్లు మీరు ఊరుకోవాలి. నేను తలూపాక మళ్ళీ ఎత్తుకోవాలండి."

"ఊరుకోమని కూడా రాసినావా సామీ?" అన్నాడు మునీంద్ర.

వలికి నవ్వు ఆగలేదు. నాకు మాత్రం కోపం వచ్చింది. "ఇంత రాసుకున్నోడివి మా ఊపిరి కూడా రాసుండొచ్చు గదా?" అన్నాను. అతను మొహం చిన్నబుచ్చుకున్నాడు. "తప్పు పోతే రెండు వైపుల వాళ్ళూ నవ్వుతారండి. అందుకని," అన్నాడు. మిగిలిన రోజులన్నీ పని అయ్యాక, ఎడమకాలితో కుడికాలిని తొక్కిపెట్టి, అతని నడక నేర్చుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన డ్రైవింగ్ చేయలేదు.

కార్యక్రమం రోజు మామా సెలవిచ్చింది. సెలవివ్వడమే కాదు, దానాను పక్కన కూర్చోబెట్టుకుని తనే కారు నడుపుకుంటూ వచ్చి మూడో వరసలో కూర్చుంది. మేము ముగ్గురం నల్ల చొక్కాల్లో, వంటికి సరిపోని ధైర్యంతో, మూడు కుర్చీల్లో కూర్చున్నాం. ముందు వరసలో పొట్టి జుట్టు పెద్దావిడ ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుని ఉంది. ఆవిడే ఇనెస్ అని సూర్యకిరణ్ కళ్ళతో చెప్పాడు.

మొదటి పన్నెండు నిమిషాలు మేము కాగితంలా నడిచాం. ఒక్క దెబ్బ ముందుకు పోలేదు, వెనక్కు రాలేదు. ఇనెస్ రాసుకుంటూనే ఉంది. మేము ఊరుకునే చోటు వచ్చింది. ఊరుకున్నాం. అతను ఒంటరిగా వకుళాభరణం ఎత్తుకున్నాడు.

గదిలో ఎనిమిది రోజులు విన్నదే. అక్కడ మాత్రం అది వేరే అయింది. గిటార్ గిటార్‌లా లేదు. ఒక తీగను పక్కకు లాగి, దాని గొంతు వంచి, మళ్ళీ మెల్లగా వదిలేవాడు. పదహారు చుట్లు అయ్యాయి. తలూపలేదు. ఇరవై అయ్యాయి. కళ్ళు మూసుకున్నాడు. వాయింపు పలచబడి, ఒక్కొక్క స్వరమే మిగిలి, చివరికి చేయి తీగల మీంచి లేచి గాలిలో నిలబడిపోయింది. రాగం అయిపోయిందనుకున్నారో ఏమో, వెనక ఎవరో దగ్గారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టబోయి ఆగారు. ఇనెస్ పెన్ను మూత పెట్టబోతోంది. ఒకటో తారీకు నా కళ్ళ ముందు కోటు తొడుక్కుని నిలబడింది.

మా భజనలో ఒక కట్టడి ఉంది. ముందువాడు పాట మధ్యలో తడబడితే రెండోవాడు అడగకుండా ఎత్తుకోవాలి. చూస్తూ నిలబడ్డవాడికి గురువు మోకాలి కింద చెక్కతో ఒకటి ఇచ్చేవాడు. నాకు అట్లాంటివి చాలా పడ్డాయి. నేను ఆలోచించలేదు. కొట్టాను. అతని నడక కాదు, మాది.

వలి వెంటనే అందుకున్నాడు. మునీంద్ర ఇంకా ముందే అందుకున్నాడు. సూర్యకిరణ్ కళ్ళు తెరిచి నావైపు చూశాడు. వెనకనుంచి బండి గుద్దించుకున్న డ్రైవరు మొహం నాకు బాగా తెలుసు, అదే మొహం. అంతలోనే అతని చేయి తీగల మీద పడింది. ఆ తర్వాత జరిగింది ఏ కాగితం మీదా లేదు. మేము ఎత్తితే అతను ఎత్తాడు, అతను ఎత్తితే మేము ఊరుకుంటామా? ఒక్కొక్క మెట్టే పైకి పోయాం. నా కుడికాలు కట్లు తెంచుకుంది. మునీంద్ర ఒళ్ళు మరిచి "గోవిందా!" అని అరిచాడు, ముందు వరస స్పెయిన్ వాళ్ళు "ఓలే!" అని తిరిగి అరిచారు. ఆపింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు, నలుగురం ఒక్కసారే ఆగాం. హాలంతా లేచి నిలబడింది. మామా కూడా లేచింది. పందొమ్మిదేళ్ళలో ఆమె నా కోసం లేవడం అదే మొదటిసారి.

లోపల గదిలోకి వచ్చాక మాత్రం నాకు సంతోషం నిలవలేదు. సూర్యకిరణ్ గిటార్ తుడుస్తున్నాడు.

"తప్పయిపోయింది సామీ," అన్నాను. "పదకొండేళ్ళు రాసుకున్న దాన్ని చెడగొట్టినా."

"అత్త కనబడిందండి," అన్నాడు తల ఎత్తకుండా. "తర్వాత ఏం వాయించాలో మర్చిపోయాను. పూర్తిగా మర్చిపోయానండి."

అప్పుడే ఇనెస్ లోపలికి వచ్చింది. అందరికీ అర్థమయ్యేట్టు ఇంగ్లీషులోనే మాట్లాడింది. నేరుగా అతన్ని అడిగింది: "ఆ నిశ్శబ్దం తర్వాత వచ్చిన చివరి భాగం, అది కూడా నీ రచనేనా?"

అవునంటే అయిపోయేది. ఒక్క మాట. ఆవిడకు సొంత రచన చేసేవాడు కావాలి, ఇతను జీవితమంతా అదే చేశాడు.

"కాదు," అన్నాడు ఈ మహానుభావుడు. "నేను మర్చిపోయి ఆగిపోయాను. ఈయన ఎత్తుకున్నారు. చివరి నాలుగు నిమిషాలు నావి కావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఇంగ్లీషులో సగం అరబిక్ ఉంటుంది, అయినా అడ్డం పడ్డాను. "మేడమ్, ఇతను అబద్ధం చెప్తున్నాడు. ఇతను ముదీర్, బాస్, నేను డ్రైవర్. ఇతను చెప్పాడు, నేను కొట్టాను. అంతే. ఖలాస్."

"కాదండీ, ఈయనే," అన్నాడతను.

"నువ్వు మూసుకుంటావా?" అన్నాను తెలుగులో.

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, చేతులతో సైగ చేసింది, కొట్టమని. ఏ నడక కొట్టాలి? నేను సూర్యకిరణ్ కాగితం నడకే కొట్టాను. తకిట తకిట తక తక తక. పరిగెత్తితే అతని పని పోతుందని బుద్ధిగా కొట్టాను. రెండు చుట్లు విని ఆవిడ చేతులెత్తింది. నా దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న సందులో తన దెబ్బ పెట్టింది. ఆవిడ ఎవరి కూతురో, ఎవరి దగ్గర నేర్చుకుందో గానీ, అరచేతులు మా వాళ్ళ చేతుల్లాంటివే. నేను కొంచెం ఎత్తాను. ఆవిడ ఎత్తింది. అట్లా ఎంతసేపు పోయామో. గిటార్ ఒళ్ళో పెట్టుకుని సూర్యకిరణ్ చేయడానికి పనేమీ లేక మమ్మల్ని చూస్తూ కూర్చున్నాడు.

ఆవిడ ఆపి, నవ్వి, అతని వైపు తిరిగింది. "పన్నెండు నిమిషాలు నువ్వు అందరికీ జవాబులు చెప్పుకున్నావు. వీణ వాళ్ళకు ఒకటి, మాకు ఒకటి. బాగున్నాయి, రాసుకున్నాను. ఆ తర్వాత నువ్వు మర్చిపోయావు, అప్పటి నుంచి నేను రాసుకోలేదు. జులైలో రా. ఆ రాగం తర్వాత మాత్రం ఏమీ రాయకు. నీ మాట వినని చప్పట్లవాళ్ళను అక్కడ నేను వెతికి పెడతాను."

అతను దుర్గకు ఫోన్ కలిపాడు. ఫోన్ నా చేతిలో పెట్టాడు. "అమ్మా, నేను గురప్పను. మీ ఆయన పాసైనాడు," అన్నాను. అవతల ఏడుపూ నవ్వూ ఒక్కసారే వినబడ్డాయి.

వలి, మునీంద్ర టీ కోసం బయటికి పోయారు. నాకు సంతోషంగానే ఉంది, అబద్ధం చెప్పను. దానితోపాటు కడుపులో మంట కూడా ఉంది, అదీ దాచను. పిలుపు ఒక్కడికే. కువైట్‌లో ఉండనిచ్చే నా ఇఖామా కార్డులో ఇంటి డ్రైవరని ఉంది, జులైలో మామా వాళ్ళ ఇంట్లో పెళ్ళి ఉంది, నాకు నిమిషం ఖాళీ ఉండదు. స్పెయిన్‌లో నా కుర్చీలో ఎవడో కూర్చుంటాడు. ఎనిమిది రోజులు కాలు తొక్కిపెట్టుకున్నది నేను, ఎత్తుకున్నది నేను, కూర్చునేది వాడు.

"మీరు లేకుండా ఎలా అండీ?" అన్నాడు సూర్యకిరణ్. అతనికీ అదే తోచినట్టుంది.

"ఎట్లనా? నోరు మూసుకుని పోవడమే. ఆ చప్పట్లాయనకు నా మాటగా ఒగటి చెప్తావా?"

"చెప్పండి గురప్ప గారూ."

"ఈ మనిషి వాయిస్తా వాయిస్తా కండ్లు మూసుకుని నిలబడిపోతాడు. పాపం, వాళ్ళత్త గుర్తొచ్చిందిలే అని జాలిపడి కాచుకోవద్దని చెప్పు. అడగొద్దు, కొట్టమను."

అతను నవ్వలేదు. ఆ మాటను స్పానిష్‌లో ఎట్లా చెప్తాడో ఇప్పుడే చెప్పి వినిపించమన్నాను. తీరా అక్కడికి పోయాక మొహమాటపడి సగం మింగేస్తాడని నా భయం. అతను లేచి నిలబడి, బడిపిల్లవాడిలా చేతులు కట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చివర్లో నా పేరు మాత్రం వినబడింది.